చాటు చూపుల చిత్రాలు: జపాన్ చెక్కఅచ్చుల మీద పాఠకుల ప్రశ్నలు

ఎదో కాలపు (1603–1868) జపాన్ అచ్చు చిత్రాల గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చిత్రంలో ఎవరు ఎవరిని చాటుగా చూస్తున్నారు? ఎందుకు? దాన్ని అచ్చులో ఎలా సాధించారు? దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఏ చిత్రం చూసినా ఒక మూల ఎవరో తలుపు సందులోంచో, కంచె వెనకనుంచో తొంగిచూస్తుంటారు. ఇది చిత్రకారుల సరదానా, దీని వెనక సంప్రదాయం ఏమైనా ఉందా?

జవాబు: సంప్రదాయమే. అదీ ఈ అచ్చు చిత్రాల కంటే కొన్ని వందల ఏళ్లు పాతది. హేయన్ కాలంలో (794–1185) పెద్దింటి ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంటపడేవాళ్లు కాదు. మాట్లాడవలసి వచ్చినా తెర అవతలినుంచే. అందుకని ఆనాటి కథల్లో ప్రేమ పుట్టాలంటే కంచెలో ఒక కంతో, గాలికి లేచిన తెరో తప్పనిసరి. ఇలా సందులోంచి చూడటాన్ని కైమామి అంటారు. ‘ఇసె మొనొగతారి’ అనే కథల పుస్తకం మొదటి ఘట్టమే దీనితో మొదలవుతుంది. వేటకని పాత రాజధాని నారా దగ్గరి కసుగాకు వెళ్లిన యువకుడు అక్కడ ఇద్దరు అక్కచెల్లెళ్లను చాటుగా చూస్తాడు. వేట దుస్తుల అంచు చింపి, దాని మీద పద్యం రాసి పంపుతాడు. ‘గెంజి మొనొగతారి’ అనే నవల 45వ అధ్యాయంలో కఓరు అనే అతను వెన్నెల రాత్రి ఉజి అనే ఊళ్లో, వాద్యాలు ముందు పెట్టుకుని కూర్చున్న అక్కచెల్లెళ్లను వెదురు కంచె సందులోంచి చూస్తాడు. 12వ శతాబ్దపు చుట్టచిత్రాల్లో ఈ దృశ్యం ఉంది. నగోయాలోని తొకుగావా ఆర్ట్ మ్యూజియం దాన్ని భద్రపరిచింది. ఎదో కాలానికి ఈ కథలు బొమ్మల పుస్తకాలుగా అచ్చయి మామూలు జనానికీ తెలిసిపోయాయి. దాంతో చిత్రకారుడు కథంతా గీయనక్కర్లేకపోయింది. కంచె, వాద్యం, నిలబడిపోయిన మగమనిషి ఉంటే చాలు.

రెండో కారణం ఇళ్లు. జపాన్ ఇంట్లో గదికీ గదికీ మధ్య ఉండేవి చాలావరకు జరిపే పలకలు, ఎత్తే తెరలు. ఒక్కోదాని గుణం ఒక్కో రకం. షోజి పలుచని కాగితం తలుపు, వెలుతురును రానిస్తుంది కానీ మనిషిని నీడగానే చూపిస్తుంది. ఫుసుమా మందపాటి జరుగుడు తలుపు, అసలేమీ కనబడనివ్వదు, కాకపోతే వేలెడు జరిపితే చాలు. సుదరె అంటే సన్నని పుల్లల తెర, సగం దాచి సగం చూపిస్తుంది. బ్యోబు మడత తెర, కాయా దోమతెర. వీటిలో ఏ ఒక్కటీ మాటను ఆపలేదు. అందుకే పొంచి చూసే చిత్రాలతోపాటు పొంచి వినే చిత్రాలూ అన్ని ఉన్నాయి. జోరురి అనే అమ్మాయి ఇంటి బయట ఉషివకమరు అనే యువకుడు వేణువు వాయించే దృశ్యం, సగానొ పల్లెలో కోతో వాద్యం వినబడి నకకుని అనే అతను గుర్రం ఆపే దృశ్యం అలాంటివే. ఈ రెండింటినీ 18వ శతాబ్దపు చిత్రకారుడు హరునొబు తన కాలపు అమ్మాయిలతో, తన కాలపు దుస్తులతో మళ్లీ గీశాడు.

ఈ చిత్రాలు చదవడానికి మేం ఇచ్చే సలహా ఒక్కటే. ముందు దీపం ఎటువైపుందో చూడండి. తెరకు చీకటి వైపున్నవాడు వెలుతురు వైపును చూడగలడు. వెలుతురులో ఉన్నవాడికి అవతల ఏమీ కనబడదు. పగలైతే గదిలోనివాళ్లకు సుదరెలోంచి బయట కనబడుతుంది. రాత్రి గదిలో దీపం పెట్టారో, వ్యవహారం తారుమారు. ఎదో చిత్రకారులు పాశ్చాత్యుల్లాగా వెలుగునీడలు దిద్దరు. కానీ లాంతరు, చంద్రుడు, తెర ఎక్కడుండాలో మాత్రం ఆచితూచి పెడతారు. కింద వచ్చే రెండు మూడు జవాబుల్లో ఈ లెక్కే పనికొస్తుంది.

ప్రశ్న: ఒకామె నిలబడి ఉంటుంది. తాడు కట్టిన పిల్లి పరుగెత్తుతుంది. తెర ఓ పక్క లేచి ఉంటుంది. తొంగిచూసేవాళ్లెవరూ లేరు. అయినా దీన్ని చాటు చూపు చిత్రమని ఎందుకంటున్నారు?

జవాబు: చూసేవాడు ఉండాల్సిన చోట మీరున్నారు కాబట్టి. ఇది గెంజి 34వ అధ్యాయంలోని ఘట్టం. వసంతకాలం, చెర్రీ చెట్ల కింద యువకులు కెమారి అనే బంతాట ఆడుతుంటారు. మూడో రాకుమారి, ఆమె పరిచారికలు తెర వెనక ఉంటారు. ఒక చిన్న పిల్లిని పెద్ద పిల్లి తరుముతుంది. చిన్న పిల్లి మెడతాడు తెరకు చిక్కుకుని తెర పక్కకు లేస్తుంది. ఆ క్షణంలో కషివగి అనే యువకుడు రాకుమారిని చూస్తాడు. తర్వాతి అధ్యాయాల్లో జరిగే అనర్థానికి బీజం ఈ ఒక్క చూపే.

పైన చెప్పిన వెలుతురు లెక్క ఇక్కడ వేసి చూడండి. పగటి పూట, ఆట బయట, ఆడవాళ్లు లోపల చీకట్లో. అంటే పిల్లి పరుగెత్తక ముందు చాటుగా చూస్తున్నది ఆడవాళ్లే! మగవాళ్ల ఆటను వాళ్లు తీరిగ్గా చూస్తున్నారు. తెర లేవడంతో పాత్రలు మారిపోయాయి. గెంజిని అచ్చు చిత్రాల్లోకి దించినవాళ్లలో చాలామంది కషివగిని తీసేసి, రాకుమారి స్థానంలో ఎదో కాలపు యువతినో, విలాసవాడ మహిళనో నిలబెట్టారు. ఇలా పాత కథకు కొత్త వేషం వేయడాన్ని మితతె అంటారు. కొన్నవాడికి రెండు సంతోషాలు: కథను పోల్చుకున్నాననే గర్వం ఒకటి, కషివగి చోట తానే నిలబడటం ఇంకొకటి.

గెంజి చిత్రం అవునో కాదో తేల్చడానికి ఒక గుర్తు ఉంది. మూలన ఐదు నిలువు గీతలు, వాటిలో కొన్ని పైన అడ్డగీతతో కలిసి ఉండే చిన్న ముద్ర కనిపిస్తే అది గెంజి-కో. ఐదు ధూపాల వాసన చూసి ఏవేవి ఒకటో చెప్పే ఆటలోంచి వచ్చింది. ఐదింటిని కలపగల పద్ధతులు 52. గెంజి అధ్యాయాలు 54. మొదటిదీ చివరిదీ వదిలేసి మిగతావాటికి ఒక్కో గుర్తు ఇచ్చారు. 19వ శతాబ్దపు కునిసదా గెంజి చిత్రాల్లో ఇది తరచుగా కనబడుతుంది. ఒక జాగ్రత్త: బట్టల మీద, విసనకర్రల మీద ఇదే గుర్తు ఉత్త అలంకారంగానూ వాడారు.

ప్రశ్న: మేడ మీద ఒకామె అద్దం పట్టుకుని ఉంటుంది. కింద వరండాలో ఒకాయన పొడవాటి ఉత్తరం చదువుతుంటాడు. అరుగు కింద ముసలాయన నక్కి ఉంటాడు. పది మంది చిత్రకారుల దగ్గర ఇదే దృశ్యం చూశాను. అద్దంలో ఉత్తరం చదవడం అసలు సాధ్యమేనా?

జవాబు: జపాన్ అచ్చు చిత్రాల్లో ఇంతకంటే పేరున్న పొంచిచూసే ఘట్టం లేదు. ‘కనదెహొన్ చూషింగురా’ నాటకం ఏడో అంకం. 1748లో ఒసాకాలోని తకెమొతో-జా బొమ్మలాట రంగస్థలం మీద మొదటిసారి ఆడారు. ఆ తర్వాత నటులు ఆడే కబుకి నాటకంలోకి వచ్చింది. ప్రభువు చావుకు 47 మంది సమురాయ్‌లు పగ తీర్చుకున్న 1701–1703 నాటి నిజ ఘటనలే దీనికి ఆధారం. సమకాలీన సమురాయ్ వ్యవహారాలు నాటకమాడటం నిషిద్ధం కాబట్టి పేర్లు, కాలం మార్చి 14వ శతాబ్దపు కథలా నడిపారు.

ఉత్తరం చదివేది యురనొసుకె, ఆ పగ తీర్చుకునేవాళ్ల నాయకుడు. శత్రువులకు అనుమానం రాకుండా క్యోతోలోని ఇచిరికి అనే విలాసగృహంలో తాగి తిరుగుతున్నట్టు నటిస్తుంటాడు. కొడుకు రహస్యంగా తెచ్చి ఇచ్చిన ఉత్తరాన్ని వరండాలో వేలాడే లాంతరు వెలుగులో విప్పుతాడు. అందులో శత్రువు మొరొనఓ కదలికల సమాచారం ఉంది. మేడ మీద చల్లగాలికి కూర్చున్న ఒకారు అనే యువతి దాన్ని ప్రేమలేఖ అనుకుంటుంది. ఆ ముచ్చట చూడాలని అద్దం తీస్తుంది. అరుగు కింద ఉన్నది కుదయు. ఒకప్పుడు అదే ప్రభువు కొలువులో ఉండి, ఇప్పుడు శత్రువుకు వేగు. చదువుతున్నకొద్దీ కిందికి జారే ఉత్తరం కొసను వాడు వెన్నెల వెలుగులో చదువుతాడు.

లాంతరు యురనొసుకె పక్కన, మిగతా ఇద్దరూ చీకట్లో. ఇంతటి జాగ్రత్తపరుడు చదవడానికి ఏకైక వెలుతురు కిందకి రావలసి రావడంలోనే అంకం బిగువంతా ఉంది. ఆ ఇద్దరూ యురనొసుకె ఉత్తరాన్ని చూస్తున్నారు. అతనికి మాత్రం పైనున్నామె సంగతీ, అరుగు కిందివాడి సంగతీ తెలియదు. ఒకారు జడలోని పిన్ను జారి కింద పడుతుంది. ఆ చప్పుడుకు యురనొసుకె ఉత్తరం దాచేస్తాడు. చుట్టబోతే కొస చిరిగి ఉంటుంది, దాంతో కింద ఇంకొకడున్నాడని తెలుస్తుంది. అంకం చివర ఒకారు చేతికి కత్తి ఇచ్చి నేల పలకల సందులోంచి కుదయును పొడిపిస్తాడు.

ఇక అద్దం సంగతి. బల్లపరుపు అద్దం అక్షరాలను పెద్దవి చేయదు, పైగా తిరగేస్తుంది. పరుగు రాతలో ఉన్న జపాన్ ఉత్తరాన్ని, రాత్రి పూట, మేడ మీదినుంచి, తిరగేసిన బింబంలో చదవడం అయ్యే పని కాదు. నాటకం మాటల్లోనే ‘రాత్రి చూపు, దూరపు చూపు, అక్షరాలు మసక’ అని ఉంది. అందుకే ఆమెకు అద్దం ఉపాయం తట్టిందంటారు. మా ఉద్దేశంలో అద్దం ఉన్నది ఆమె కోసం కాదు, మన కోసం. అద్దం లేకపోతే ఆమె కిందికి వంగి చూడాలి, ముఖం కనబడదు. అద్దం ఉంటే ఉత్తరానికి వీపు పెట్టి, ముఖం ప్రేక్షకుల వైపు తిప్పుకుని చదవొచ్చు. చిత్రకారుడికి ఇదే కావాలి.

మూడు అంతస్తుల్లో ముగ్గురు కాబట్టి ఈ దృశ్యం హషిరా-ఎ అనే స్తంభపు చిత్రానికి అతికినట్టు సరిపోతుంది. దాని కొలత సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు, 12–13 సెంటీమీటర్ల వెడల్పు. ఇంటి స్తంభానికి తగిలించుకునేవారు. వెడల్పు చాలక మనుషుల భుజాలు, చేతులు రెండు పక్కలా తెగిపోతాయి. తలుపు బెత్తెడు తీసి చూస్తే ఎలా ఉంటుందో అలా. పై నుంచి కిందిదాకా ఉత్తరమే నిలువు గీతలా సాగుతుంది. మితతె రూపాల్లో యురనొసుకె బదులు ప్రేమికుడో, ఇంకో యువతో ఉంటారు, కుదయు అసలు ఉండకపోవచ్చు. ఉత్తరం, పైన అద్దం ఈ రెండూ కలిసి కనబడితే ఏడో అంకమని చెప్పేయొచ్చు.

ప్రశ్న: షోజి మీద నీడ బొమ్మను చెక్కఅచ్చులో వేయాలని చూస్తున్నాను. నీడ బదులు నల్లని మరక పడుతోంది. అంచులు కూడా పాకుతున్నాయి. పాత పనివాళ్లు ఎలా చేసేవాళ్లు?

జవాబు: తప్పు మూడింట ఎక్కడైనా ఉండొచ్చు: బొమ్మలో, చెక్కలో, తడిలో.

ముందు బొమ్మ. నీడకు పక్క ముఖమే వాడాలి. ఎదురు ముఖం నీడగా వేస్తే ముద్దలా ఉంటుంది. ముక్కు కొస, గడ్డం, మెడ వెనక వంపు, కొప్పు ఉచ్చులు, జడపిన్నుల చివరలు విడివిడిగా తెలియాలి. చేతిలో గొట్టమో గిన్నో పెడితే వేళ్లకూ ఒంటికీ మధ్య ఖాళీ ఉంచాలి. నీడకు గీత ఉండకూడదు. నల్లని గీత చుట్టూ తిప్పితే అది కాగితం ఇవతలి మనిషైపోతుంది. ఇంకో సంగతి, దీపానికీ కాగితానికీ మధ్య మనిషి ఉంటేనే నీడ పడుతుంది. దీపం కూడా చిత్రంలో గీసి, మనిషిని దాని వెనక కూర్చోబెడితే చూసేవాడికి ఎందుకో తెలియకుండానే తేడా కొడుతుంది.

చెక్క విషయం. ఎదో పద్ధతిలో చిత్రకారుడు పలుచని కాగితం మీద సిరాతో గీసి ఇస్తాడు. దాన్ని కొండ చెర్రీ పలక మీద బోర్లా అంటించి చెక్కుతారు. ఇది గీతల అచ్చు. దానితో తీసిన నమూనాల మీద చిత్రకారుడు రంగుల చోట్లు గుర్తుపెడతాడు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ప్రతి పలక మీదా కింది కుడి మూలన మూల ఆకారపు గాటు, ఎడమవైపు అడ్డ గాటు ఉంటాయి. వీటిని కెంతో అంటారు. కాగితం వీటికి ఆనించి పరిస్తేనే రంగులు గీతల్లో పడతాయి. మీ బొమ్మకు కనీసం రెండు అచ్చులు కావాలి: షోజి చట్రం గీతలకు ఒకటి, నీడకు ఒకటి. చట్రం గీత ఒక మిల్లీమీటరు మందముంటే, పక్కనున్న రంగు అచ్చులను అర మిల్లీమీటరు దాని కిందికి చొరనివ్వండి. లేకపోతే కాగితం కొంచెం కదిలినా తెల్ల సందు బయటపడుతుంది. నీడ అంచు చెక్కేటప్పుడు కత్తిని బయటికి వాలుగా పట్టండి. అంచు కింద చెక్క వెడల్పుగా మిగిలి, జుట్టు పిన్నుల్లాంటి సన్న భాగాలు విరగవు.

ఇక తడి. అంచులు పాకడానికి నూటికి తొంభై సార్లు ఇదే మూలం. కాగితం ముందు రోజు రాత్రే తడపాలి. ఒక కాగితం తడిపి, దాని మీద ఒక పొడిది, మళ్లీ తడిపినది, ఇలా దొంతర పెట్టి ప్లాస్టిక్‌లో చుట్టేయండి. పొద్దున చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, మెరుపు మాత్రం కనబడకూడదు. మెరిస్తే తడి ఎక్కువ. జిగురు, పటిక కలిపి పూత వేసిన కాగితమైతే సిరా పీచుల వెంట పాకదు. పూత లేనిది నీళ్లను లాగేస్తుంది. చెక్కిన అంచు లోతుల్లో నీళ్లు నిలిచినా పాకుతుంది. బ్రష్‌తో రంగు పూశాక అంచుల్లో మిగిలిన నీటిని గుడ్డ కొసతో అద్దేయండి.

నీడ రంగుకు నల్ల సిరా ఒక వంతు, నీళ్లు ఎనిమిది నుంచి పది వంతులతో మొదలుపెట్టి, ముక్క కాగితం మీద పరీక్షించండి. పలక మీద రంగు వేశాక బియ్యపు జిగురు బఠానీ గింజంత పెట్టి కలిపి బ్రష్ తిప్పండి. జిగురు తక్కువైతే నువ్వులు చల్లినట్టు చుక్కలు పడతాయి. ఎక్కువైతే బ్రష్ చారలు మిగులుతాయి. ఒకేసారి ముదురుగా తీయొద్దు. లేతగా రెండుసార్లు తీస్తే నీడ లోతుగా, సమంగా వస్తుంది. మరక పడటానికి ఇంకో పెద్ద కారణం మీరు నీడను నల్లగా చేయాలనుకోవడం. చిత్రం మొత్తంలో కాగితం తలుపే లేత భాగం కావాలి. దాని మీద బూడిద రంగు నీడ, చుట్టూ గోడ అంతకంటే కొంచెం ముదురు. అప్పుడే లోపల దీపం వెలుగుతున్నట్టుంటుంది.

ప్రశ్న: ఉతమారో చిత్రాల్లో దోమతెర వెనక మనుషులు స్పష్టంగా కనబడతారు. అంత సన్నని గళ్లు చెక్కలో ఎలా చెక్కారు?

జవాబు: గళ్లుగా చెక్కడం మహా కష్టం. ఒకే పలక మీద వలంతా చెక్కాలంటే వేల చిన్న చదరాలు తవ్వాలి. గీతలు కలిసే చోట చెక్క విరుగుతుంది, గుంటల్లో సిరా చేరి పూడిపోతుంది. అందుకే నిలువు గీతలు ఒక పలక మీద, అడ్డ గీతలు ఇంకో పలక మీద చెక్కి ఒకదాని మీద ఒకటి అచ్చు వేసే ఉపాయం వాడారు. ఇందులో ఇంకో లాభం ఉంది. రెండో అచ్చు వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా వలకు నష్టం లేదు, గళ్లు గళ్లుగానే ఉంటాయి. దెబ్బ తినేది వల అంచు దగ్గరే. తెర బయటికి చాచిన చేతి మీద ఒక్క గీత పడ్డా భ్రమ పోతుంది. కాబట్టి గీతలు ఆగే హద్దును అతి జాగ్రత్తగా చెక్కాలి. ముందు మనిషి గీతలు, ఒంటి రంగులు, దుస్తులు, వాటి మీద చివర్లో వల.

ఉతమారో 1790ల మధ్యలో ‘కసుమి-ఓరి ముసుమె హినగతా’ వరసలో ఇదే ఆటను సుదరె తెరతో, వేసవి పలుచని బట్టతో ఆడాడు. ఆ చిత్రాల్లో అసలు విషయం అమ్మాయా, బట్టా అని అడిగితే మా ఓటు బట్టకే.

ప్రశ్న: హొకుసాయ్ దోమతెర దయ్యం కూడా చాటు చూపు కిందికే వస్తుందా?

జవాబు: వస్తుంది, పైగా తలకిందులుగా. 1831–32 ప్రాంతపు ‘హ్యకు మొనొగతారి’ వరసలోది, పేరు కొహదా కొహెయిజి. వంద కథలని పేరు పెట్టినా మనకు తెలిసినవి ఐదు చిత్రాలే. కొహెయిజి ఒక నటుడు. భార్య ప్రియుడి చేతిలో చచ్చి దయ్యమై, వాళ్లిద్దరూ పడుకున్న దోమతెర అంచును వేళ్లతో కిందికి లాగి లోపలికి చూస్తాడు. తెర పైఅంచు వాడి గుప్పిట దగ్గర ఎలా వంగిందో గమనించండి. వల గీతలు వాడి ఒంటి మీదుగా పోతాయి, తెర పైకి వచ్చిన ముఖం మీద పోవు. అంటే మనం తెర లోపల ఉన్నాం, హంతకుల పక్క మీద. ఇతర చిత్రాల్లో చూసేవాడి చోటు మనది. ఇక్కడ చూడబడేవాళ్ల చోటు మనది. చిత్రంలో భార్యా లేదు, ప్రియుడూ లేడు. వాళ్ల లోటు మనం పూరిస్తున్నాం.

యొషితొషి 1883లో గీసిన మూడు కాగితాల చిత్రం కూడా దీని పక్కన పెట్టి చూడదగింది. వెన్నెల్లో వేణువు వాయిస్తూ నడుస్తున్న యసుమసా, వెనక కత్తి మీద చెయ్యి వేసి పొంచి వస్తున్న దొంగ హకమదరె. యసుమసా వెనక్కి తిరగడు. కానీ అతనికి తెలుసని ఒంటి తీరు చెబుతుంది.

ప్రశ్న: హిరోషిగె గీసిన కిటికీ పిల్లి చిత్రంలో రహస్యం ఏముంది? పిల్లి బయటికి చూస్తోంది, అంతే కదా.

జవాబు: పిల్లి చూస్తున్నది ముఖ్యం కాదు, అది ఏ గది కిటికీ అన్నది ముఖ్యం. ఇది ‘ఎదో (నేటి తోక్యో) వంద ప్రసిద్ధ దృశ్యాలు’ (1856–1858) వరసలో 101వది. చట్రం కిటికీ అవతల అసకుసా పొలాలు, దూరాన ఫుజి కొండ, తోరి-నో-మచి పండుగకు సాగిపోతున్న జనం చీమల బారులా కనిపిస్తారు. ఇవతల ఉన్నది యొషివరా విలాసవాడలోని గది. ఎడమ అంచున మడత తెర కొంచెమే కనబడుతుంది. దాని కింద నేల మీద పండుగ గుర్తైన పొలం దంతె ఆకారపు జడపిన్నులు, విటుడు తెచ్చిన కానుకలు. కిటికీ గడప మీద గిన్నె, తువ్వాలు. గదిలో ఎవరున్నారో, ఏం జరుగుతోందో చిత్రకారుడు ఒక్క మనిషినీ గీయకుండా చెప్పేశాడు. పండుగ రోజు అక్కడి ఆడవాళ్లకు తీరిక ఉండేది కాదు. బయటికి చూసే స్వేచ్ఛ పిల్లికే ఉంది.

అదే వరసలో 82వది షినగావా గది. సముద్రం మీద నిండు చంద్రుడు, ఎడమ అంచున షోజి మీద ఒక మహిళ నీడ. నీడ చిత్రం వేస్తున్న పాఠకులు దీన్ని తప్పక చూడాలి.

ఇక్కడే ఇంకో మాట. యొషివరాలో చూపు ఒక సరుకు. సాయంత్రమైతే వీధి వైపు చట్రం వెనక ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టేవారు. దీన్ని హరిమిసె అంటారు. లోపల దీపాలు, బయట చీకటి, మళ్లీ అదే లెక్క. చట్రం ఎత్తును బట్టి ఆ ఇంటి స్థాయి తెలిసేది, పైకప్పు దాకా ఉంటే పెద్ద ఇల్లు. కొనకుండా చూసి పోయేవాళ్లు కోకొల్లలు. లోపల కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఇంటివాళ్ల అప్పు కింద ఒప్పందం మీద వచ్చినవాళ్లు. చిత్రాలు ఎంత అందంగా ఉన్నా, వాటిలో చాలావాటికి ఆ వ్యాపారంతో సంబంధం ఉందన్నది మరవకూడదు.

ప్రశ్న: హరునొబు గీసిన బొటనవేలంత మనిషి ఎవరు?

జవాబు: మనెఎమొన్. 1770 ప్రాంతపు 24 చిత్రాల వరసలో కథానాయకుడు. మందు తాగి చిన్నవాడైపోయి, ఊరూరా తిరిగి ప్రేమికులను చాటుగా చూసి విద్య నేర్చుకుంటాడు. శృంగార చిత్రాలు కాబట్టి వివరాల్లోకి పోవడం లేదు. గమనించాల్సింది వాడి వ్యాఖ్యానమే. ప్రతి చిత్రంలో ఓ మూల నిలబడి ఏదో ఒకటి అంటుంటాడు. చూసేవాడిని కూడా నవ్వులపాలు చేయడం ఆ వరస ప్రత్యేకత. ఇలాంటి చిత్రాల అచ్చు మీద 1722 నుంచీ నిషేధం ఉన్నా లోపాయికారీగా సాగుతూనే ఉండేది.

ప్రశ్న: ఇలాంటి పాత చిత్రం ఒకటి కొనాలని ఉంది. కాలం ఎలా పోల్చుకోవాలి? గోడకు తగిలిస్తే పాడవుతుందా?

జవాబు: ముందు తనిఖీ ముద్రలు (అచ్చుకు అనుమతి ఇచ్చినట్టు వేసే గుర్తులు) చూడండి. కివమె అనే అక్షరమున్న గుండ్రటి చిన్న ముద్ర 1791 నుంచి 1842 దాకా. 1842 నుంచి 1853 దాకా తనిఖీదారుల పేర్ల ముద్రలు, 1846 వరకు ఒకటి, ఆ తర్వాత రెండు. 1853 చివరి నుంచి 1857 దాకా అరతమె ముద్ర, పక్కన సంవత్సరం, నెల ముద్ర. 1859 నుంచి ఆ రెండూ ఒకే ముద్రలో కలిసిపోయాయి. హిరోషిగె పిల్లి చిత్రం తేదీ ముద్రలో పాము సంవత్సరం, 11వ నెల అని ఉంటుంది, అంటే 1857. అయితే ముద్ర ఉన్నంత మాత్రాన అసలుదని కాదు. తర్వాతి కాలపు పునర్ముద్రణలు ముద్రలతో సహా మళ్లీ చెక్కినవే. కాగితం వెనక్కి తిప్పండి. చేత్తో బారెన్ అనే బిళ్లతో రుద్ది తీసిన చిత్రంలో రంగు వెనకదాకా ఇంకి, రుద్దిన వలయాల జాడలు కనబడతాయి. యంత్రపు అచ్చులో వెనక తెల్లగా ఉంటుంది, భూతద్దంలో చుక్కలు తెలుస్తాయి. కొలత కూడా చూడండి. ఓబాన్ సుమారు 39 × 26 సెంటీమీటర్లు, హరునొబు ఎక్కువగా వాడిన చూబాన్ సుమారు 26 × 19. బాగా తక్కువుంటే అంచులు కోసేశారన్నమాట. చాటు చూపు చిత్రాల్లో ఇది పెద్ద నష్టం, తొంగిచూసే మనిషి సాధారణంగా ఉండేది అంచునే.

వెలుతురు విషయంలో 18వ శతాబ్దపు చిత్రాలు మరీ సున్నితం. త్సుయుకుసా పూలనుంచి తీసిన నీలం వెలుతురుకే కాక తడికి కూడా పోయి లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. కుసుమపూల ఎరుపు వెలిసిపోతుంది. సీసం కలిసిన నారింజ రంగు నల్లబడుతుంది. ప్రదర్శనశాలల్లో వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, కొన్ని వారాలు చూపి మళ్లీ చీకట్లో పెట్టేస్తారు. ఇంట్లోనైతే ఎండ తగలని గోడ, ఆమ్లం లేని అట్ట, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం. అద్దం చిత్రానికి ఆనకూడదు, మధ్యలో కిటికీ కోసిన అట్ట ఉండాలి. వెనక అట్టకు అంటించడానికి సెలోటేప్ పనికిరాదు. జపాన్ కాగితపు ముక్కలతో, గోధుమపిండి జిగురుతో పైఅంచున రెండు చోట్ల మాత్రమే పట్టించండి. నాలుగు వైపులా అంటిస్తే గాలిలో తేమ మారినప్పుడు కాగితం సాగడానికి చోటు లేక ఉబ్బుతుంది.